ఫార్మాట్ చేయించడం ఆపండి, ముందు క్యాప్స్ లాక్ నొక్కి చూడండి

తమ్ముడూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. నాకు అర్థమైనది మొదట చెబుతాను, తేడా ఉంటే సరిదిద్దండి.

సిరోంచలో ఆన్‌లైన్ సెంటర్ నడుపుతున్నారు. మార్చి మొదట్లో హైదరాబాద్‌లోని ఒక దుకాణం నుంచి 18,500 రూపాయలకు రీఫర్బిష్డ్, అంటే వాడినదాన్ని బాగుచేసి మళ్లీ అమ్మే లాప్‌టాప్ తెప్పించుకున్నారు. ఎనిమిదో తరం ఐ5, రెండు ముక్కలుగా 8 జీబీ ర్యామ్ (పని నడిచేటప్పుడు వాడే మెమరీ), 256 జీబీ ఎన్‌వీఎంఈ రకం ఎస్‌ఎస్‌డీ (విండోస్, ఫైళ్లు ఉండే డిస్కు). మూడు నెలల వారంటీలో ఇంకా 16 రోజులు మిగిలింది. మొదటి నెల బాగానే నడిచింది. ఏప్రిల్ మధ్య నుంచి రోజుకు మూడు నాలుగుసార్లు బిగుసుకుపోతోంది. పాట నడుస్తుంటే ఒకే అక్షరం దగ్గర గర్రుమంటూ నిలిచిపోతుంది. పవర్ బటన్ పది సెకన్లు నొక్కిపెడితే తప్ప కదలదు. పొద్దున తక్కువ, మధ్యాహ్నం ఎక్కువ. ఆదాయ ధ్రువపత్రం కోసం వచ్చిన మనిషి ఓటీపీ చెబుతూ ఉండగానే తెర రాయిలా మారిపోతుంది. దుకాణం వాళ్లు ఫోనులో "విండోస్ పాడైంది, ఫార్మాట్ చేయించండి" అన్నారు. రెండుసార్లు చేయించారు, రెండుసార్లూ మూడో రోజుకే మళ్లీ మొదలైంది.

ఇంతేనా? అయితే మూడోసారి ఫార్మాట్ చేయించకండి. విండోస్ పాడై ఉంటే మొదటి ఫార్మాట్‌తోనే తేలిపోయేది. ప్రతి జ్వరానికీ ఒకే సూది మందు వేసే వైద్యుడిలా, మా వృత్తిలోనూ ఏది చెడినా ఫార్మాటే అనేవాళ్లు ఉన్నారు. దానికి అరగంట పడుతుంది, మూడు వందలు వస్తాయి, రెండు రోజులు బండి నడుస్తుంది, ఈలోగా మీ వారంటీ రోజులు కరిగిపోతాయి. దుకాణం వాళ్లు కావాలనే అలా చెప్పారని నేను అనను. కానీ మీకు మిగిలిన 16 రోజుల్లో మొదటి వారం పరీక్షలకు, రెండో వారం వాళ్లతో మాట్లాడటానికి అని ఇప్పుడే విడదీసి పెట్టుకోండి.

నేను బల్లార్పూర్‌లో పద్దెనిమిదేళ్లుగా కంప్యూటర్లు బాగుచేస్తున్నాను. చుట్టూ బొగ్గు గనులు, పక్కనే కాగితం మిల్లు. ఎండాకాలంలో నా బల్ల మీదికి వచ్చే లాప్‌టాప్‌లలో సగం మీ ఫిర్యాదుతోనే వస్తాయి. "హ్యాంగ్ అవుతోంది" అని చెప్పి చేతిలో పెట్టి వెళ్లిపోతారు. ఎలా హ్యాంగ్ అవుతోందో ఎవరూ చెప్పరు. మీరు ఆ గర్రుమనే శబ్దం గురించి రాశారు చూడండి, నాకు అన్నిటికంటే పనికొచ్చింది ఆ వాక్యమే.

ఎందుకో చెబుతాను. బిగుసుకుపోవడం ఒక జబ్బు కాదు, కనీసం నాలుగు వేర్వేరు జబ్బులకు ఒకే పేరు. ఈసారి ఆగిపోగానే పవర్ బటన్ దగ్గరికి వెళ్లకుండా క్యాప్స్ లాక్ మీట నొక్కండి. దాని చిన్న దీపం వెలిగి ఆరుతుంటే లోపల విండోస్ ఇంకా బతికే ఉందని అర్థం. అప్పుడు మౌస్ బాణం కదులుతూ, ఏది నొక్కినా తెరుచుకోకుండా, నిమిషం తర్వాత మీరు నొక్కినవన్నీ ఒక్కసారిగా తెరుచుకుంటే అది ఎస్‌ఎస్‌డీ సమాధానం ఇవ్వకుండా నాన్చడం. దీపం మారుతూ తెర మాత్రమే నిలిచిపోతే గ్రాఫిక్స్ డ్రైవర్‌ను, అంటే తెర మీద బొమ్మను నడిపే ప్రోగ్రాంను అనుమానించాలి. విండోస్ మీట, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ కలిపి నొక్కితే ఆ డ్రైవర్ మళ్లీ మొదలవుతుంది. తెర ఒకసారి నల్లబడి వెనక్కి వస్తే దొంగ దొరికినట్టే. ఏదీ ఆగకుండా అంతా నత్తనడక నడుస్తుంటే వేడి, లేదా చార్జర్. ఇక దీపం మారకుండా, శబ్దం ఒకే ముక్క దగ్గర తిరుగుతూ, గడియారం కూడా నిలిచిపోతే ప్రాసెసర్‌కు కింద నేల కదిలిపోయిందని అర్థం. మీది ఇదే. ఇలాంటి చోట వైరస్‌లనూ బ్రౌజర్‌నూ వెతుకుతూ కూర్చోకండి. ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, మదర్‌బోర్డు, కరెంటు సరఫరా, ఈ నాలుగింటిలో ఒకటి. అరుదుగా బయాస్, అంటే విండోస్ కంటే ముందు యంత్రాన్ని మేల్కొలిపే, బోర్డులోనే ఉండే ప్రోగ్రాం.

ఇక మధ్యాహ్నం సంగతి. దీని దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే మన వైపు అందరూ పొరపాటు పడేది ఇక్కడే.

లాప్‌టాప్ కంపెనీలు తమ కాగితాల్లో, ఈ యంత్రం 35 డిగ్రీల వరకు ఉన్న గదిలో పనిచేస్తుందని సాధారణంగా రాస్తాయి. చంద్రపూర్, గడ్చిరోలి జిల్లాల్లో మే నెలలో బయట 45 దాటడం మామూలు. రేకుల కప్పు కింద ఉన్న సెంటర్‌లో మధ్యాహ్నం రెండు గంటలకు ఎంత ఉంటుందో మీకే తెలుసు. అంటే తయారుచేసినవాళ్లు గీసిన గీత దాటాకే మన పని మొదలవుతుంది. అయినా ఒక మాట గుర్తుంచుకోండి: వేడి ఒక్కటే ఉంటే యంత్రం ఇలా బిగుసుకుపోదు. ఇంటెల్ ఐ5 లాంటి ప్రాసెసర్ 100 డిగ్రీల దగ్గరికి రాగానే తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. అప్పటికీ చల్లబడకపోతే ఒక్కసారిగా ఆరిపోతుంది. నెమ్మదించడం, ఆరిపోవడం, ఈ రెండే వేడికి నేరుగా పుట్టే బిడ్డలు. వేడికి బిగుసుకుపోతోందంటే, చల్లగా ఉన్నప్పుడు ఎలాగో నెట్టుకొచ్చే బలహీనమైన భాగం ఒకటి లోపల ఉందని అర్థం. సరిగా కూర్చోని ర్యామ్ ముక్క కావచ్చు, ముసలిదైన ఎస్‌ఎస్‌డీ కావచ్చు, వదులైన టంకం కావచ్చు. కాబట్టి ఫ్యాను శుభ్రం చేస్తే రోజుకు నాలుగుసార్లు ఆగేది ఒకసారికి తగ్గుతుంది, మీరు నయమైందనుకుంటారు, వారంటీ దాటిపోతుంది, వచ్చే ఏప్రిల్‌లో మళ్లీ నా బల్ల మీదికి వస్తారు. అందుకే వారంటీ ఉన్నప్పుడు ముందు జబ్బు పట్టుకోవాలి, శుభ్రం చేయడం తర్వాత. వినడానికి తలకిందులుగా ఉన్నా ఇదే సరైన వరస.

ఉష్ణోగ్రత చూడటానికి హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. దాన్ని తెరిచి పెట్టి మీ మామూలు పని చేసుకోండి. ఏ పనీ లేనప్పుడు ప్రాసెసర్ 50, 55 దగ్గర, పని పడినప్పుడు 80, 90 మధ్య ఉంటే మన ఎండలకు అది ఆరోగ్యమే. బ్రౌజర్ తెరవగానే 98కి ఎగబాకుతుంటే లోపల గాలి ఆడటం లేదు. అదే చోట ఎస్‌ఎస్‌డీ ఉష్ణోగ్రత కూడా కనిపిస్తుంది, దాన్ని వదిలేయకండి. ఎన్‌వీఎంఈ రకం 70 దాటితే నాకు నచ్చదు. రీఫర్బిష్డ్ యంత్రాల్లో నేను తరచుగా చూసేది ఒకటుంది: పాత ఎస్‌ఎస్‌డీ తీసి చవకది వేసేటప్పుడు, దాని మీద ఉండాల్సిన సన్నటి లోహపు పలకనూ మెత్తటి వేడి పట్టీనీ తిరిగి పెట్టరు. ఆ పలక వాళ్ల దుకాణం మూలలో ఏదో డబ్బాలో పడి ఉంటుంది.

కూలర్ గురించి కూడా చెప్పాలి. మన వైపు మేలో కూలర్ లేని గది ఉండదు. దాని ఎదురుగా లాప్‌టాప్ పెడితే చల్లబడుతుందని చాలామంది అనుకుంటారు. గడ్డి మీదుగా వచ్చే తడిగాలిని ఫ్యాను లోపలికి లాక్కుంటుంది, అప్పటికే పేరుకున్న దుమ్ముతో అది కలుస్తుంది. మా బల్లార్పూర్‌లో అయితే ఆ దుమ్ములో బొగ్గు పొడి. విప్పి చూస్తే రాగి రెక్కల మధ్య కాటుకలా పట్టి ఉంటుంది. రాజురా వైపు పత్తి ఊళ్ల నుంచి వచ్చే వాటిలో దూది నూగు చేరి ఏకంగా చిన్న పరుపే తయారవుతుంది. కూలర్ గాలి గదికి తగలనివ్వండి, యంత్రానికి నేరుగా తగలనివ్వకండి. కింద రెండు పుస్తకాలు అటూ ఇటూ పెట్టి ఎత్తుగా ఉంచితే చాలు.

సరే, అసలు పరీక్షకు వద్దాం. మీ చేతిలో విండోస్ తప్ప ఏమీ లేదు కాబట్టి, ఏం తేలినా దుకాణం వాళ్లు విండోస్ మీదే నెడతారు. ఆ దారి ముందు మూసేయాలి. 8 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి తీసుకోండి. వేరే కంప్యూటర్‌లో లినక్స్ మింట్ (విండోస్‌కు బదులుగా యంత్రాన్ని నడిపే ఉచిత వ్యవస్థ) దించుకుని, రూఫస్ అనే ప్రోగ్రాంతో ఆ పెన్‌డ్రైవ్ మీదికి ఎక్కించండి. దించుకోవడానికి సుమారు 3 జీబీ డేటా పోతుంది, రాత్రి పెట్టుకోండి. పెన్‌డ్రైవ్‌లో పాత ఫైళ్లుంటే చెరిగిపోతాయి, ముందే తీసి పెట్టుకోండి. లాప్‌టాప్‌ను ఆ పెన్‌డ్రైవ్ నుంచి మొదలుపెడితే, దేన్నీ ఇన్‌స్టాల్ చేయకుండానే మింట్ నడుస్తుంది. మీ విండోస్ జోలికి అది వెళ్లదు. ఇన్‌స్టాల్ అనే బొమ్మ తెర మీద కనిపిస్తుంది, దాన్ని మాత్రం నొక్కకండి.

దానిలో మధ్యాహ్నం ఒంటి గంట నుంచి నాలుగు దాకా యూట్యూబ్ వీడియోలు వరసగా నడవనివ్వండి. పక్కన మీ ఫోను పెట్టి తెరను వీడియో తీయండి. విండోస్ అసలు లేని చోట కూడా అదే గర్రుమనే శబ్దంతో బిగుసుకుపోతే, "ఫార్మాట్ చేయించండి" అనే మాటకు అక్కడితో కాలం చెల్లింది. అయిదు నిమిషాల ఆ వీడియో మీకు ఏ రసీదు కంటే ఎక్కువ ఉపయోగపడుతుంది.

మింట్‌లో ఆగకపోతే? విండోస్ నేరం రుజువైందని తొందరపడకండి. పెన్‌డ్రైవ్ నుంచి నడిచేటప్పుడు ఎస్‌ఎస్‌డీకి దాదాపు పనే ఉండదు. కాబట్టి అనుమానం ఎస్‌ఎస్‌డీ మీదికి మళ్లుతుంది. విండోస్‌లోకి వచ్చి, ఎస్‌ఎస్‌డీ ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రాం నడపండి. ఆరోగ్యం శాతం, ఎన్ని గంటలు నడిచింది, డేటా లోపాల సంఖ్య, ఈ మూడూ చూడండి. కొత్తదని చెప్పి అమ్మిన ఎస్‌ఎస్‌డీ ఇరవై వేల గంటలు నడిచినట్టు నా కళ్లతో చూశాను. ఇరవై వేల గంటలంటే రాత్రీ పగలూ ఆపకుండా రెండేళ్లకు పైన. డేటా లోపాల గడిలో సున్నా తప్ప ఇంకేది ఉన్నా దాన్ని మార్చాల్సిందే.

తర్వాత విండోస్ తన తప్పొప్పులు రాసుకునే ఈవెంట్ వ్యూయర్ తెరిచి, విండోస్ లాగ్స్ కింద సిస్టమ్ అనే చోట, ఆగిపోయిన సమయానికి ముందున్న వరసలు చదవండి. 41 అనే అంకెతో కెర్నల్ పవర్ అని ఎర్రగా కనిపిస్తుంది. దాన్ని చూసి కరెంటు సమస్య అని చాలామంది చార్జర్ మార్చేస్తారు. మీరు బటన్ నొక్కి ఆర్పారు కాబట్టి, సరిగా ఆర్పలేదని విండోస్ రాసుకున్న ఫిర్యాదు అది, అంతకు మించి ఏమీ కాదు. పోస్టుమార్టం కాగితం మీద "చనిపోయాడు" అని రాసినట్టు. దానికి ముందు 129 లేదా 153 అంకెలుంటే వెతకాల్సింది అదే. ఎస్‌ఎస్‌డీ పలకలేదని, మళ్లీ మళ్లీ అడగాల్సి వచ్చిందని వాటి అర్థం. వీయా లాగర్ (WHEA-Logger) పేరుతో 18, 19 అంకెలుంటే ప్రాసెసర్ వైపు హార్డ్‌వేర్ తప్పు దొరికిందని అర్థం. ఒక మెలిక మాత్రం ఉంది. ఎస్‌ఎస్‌డీ పూర్తిగా మాయమైపోతే ఆ సంగతి రాసుకోవడానికి విండోస్‌కు కాగితమే ఉండదు, ఎందుకంటే ఆ కాగితం ఉన్నది కూడా దాని మీదే. కాబట్టి 129 కనిపిస్తే ఎస్‌ఎస్‌డీ దోషి, కనిపించకపోతే నిర్దోషి అని కాదు.

నా అనుభవంలో ఎన్‌వీఎంఈ విషయంలో ఒక చిన్న మార్పు కొన్నిసార్లు పనిచేసింది. పవర్ ఆప్షన్స్ లోపలికి వెళ్లి, పీసీఐ ఎక్స్‌ప్రెస్ కింద ఉన్న లింక్ స్టేట్ పవర్ మేనేజ్‌మెంట్‌ను ఆఫ్ చేయండి. కొన్ని ఎస్‌ఎస్‌డీలు కునుకు తీసి లేవలేక మొండికేస్తాయి, ఇది వాటిని పడుకోనివ్వదు. రెండు రోజులు చూడండి.

అయినా పందెం కాయమంటే నేను ర్యామ్ మీదే కాస్తాను. రెండు ముక్కలన్నారు. చాలాసార్లు ఆ రెండూ ఒకే కంపెనీవి కావు, ఒకటి ఈ యంత్రంతో పుట్టింది, రెండోది ఇంకేదో యంత్రం నుంచి వచ్చి చేరింది. దానితోనే తప్పు జరగాలని లేదు, వేర్వేరు ముక్కలతో ఏళ్ల తరబడి నడిచేవీ ఉన్నాయి. కానీ వేడెక్కినప్పుడు వాటిలో బలహీనమైనది ఒక్క అంకె తప్పు చెబితే చాలు, అంతా ఆగిపోతుంది. విండోస్‌లోనే ఉండే మెమరీ పరీక్షను నమ్మకండి. అది తప్పు చూపిస్తే నిజమే, తప్పు లేదంటే మాత్రం అది పూర్తిగా చూడలేదని అనుకోండి. మెమ్‌టెస్ట్86 ప్లస్ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది, అదే పెన్‌డ్రైవ్ మీద ఎక్కించుకోవచ్చు. కనీసం నాలుగు ఆవృత్తాలు పూర్తయ్యేదాకా వదిలేయండి, 8 జీబీకి కొన్ని గంటలు పడుతుంది. అందరూ దీన్ని రాత్రి పెట్టి పడుకుంటారు. మీరు పగలు పెట్టండి, మీ జబ్బు పగటి జబ్బు కదా. ఒక్క ఎర్ర వరస వచ్చినా ర్యామ్‌లోనో, అది కూర్చునే గూటిలోనో (స్లాట్) తప్పున్నట్టే. "ఒకటే కదా" అనేదానికి ఇక్కడ తావు లేదు.

రెండేళ్ల కిందట రాజురా నుంచి ఒక మాస్టారు యంత్రం తెచ్చారు, అచ్చం మీలాగే. మెమ్‌టెస్ట్‌లో తప్పులు వచ్చాయి. ర్యామ్ మార్చాను, మళ్లీ వచ్చాయి. ఇంకో కొత్తది వేశాను, మళ్లీ అదే. మూడు రోజులు నాకు నిద్ర లేదు, దొరికిన ప్రతిదాన్నీ మార్చాను. చివరికి చేయాల్సిన పని చేశాను: ఒకే ముక్కను మొదట ఒక గూటిలో, తర్వాత రెండో గూటిలో పెట్టి చూశాను. మొదటి గూటిలో రోజంతా తప్పు లేదు, రెండో గూటిలో పది నిమిషాలకే ఎర్రబడింది. ర్యామ్‌లు మంచివే, గూడు చెడింది. ఒకే గూటిలో 8 జీబీ ముక్క వేసి ఇచ్చాను, ఇప్పటికీ నడుస్తోంది. అప్పటి నుంచి నా బల్ల మీద ఒక పాత నోటు పుస్తకం ఉంటుంది. ఒకసారికి ఒక్క మార్పే, సమయంతో సహా రాసుకుంటాను. రెండు మార్పులు ఒకేసారి చేస్తే నయమైనా దేనివల్ల నయమైందో తెలియదు.

మీరు కూడా అడుగు మూత విప్పగలిగితే ఈ పరీక్ష చేయవచ్చు. కానీ మూత మరల మీద వారంటీ స్టిక్కర్ ఉంటే ముట్టుకోకండి, ముందు దుకాణానికి సందేశం పంపి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. విప్పేటప్పుడు చార్జర్ తీసి, మూత తెరవగానే బ్యాటరీ తీగ ఊడదీసి, పవర్ బటన్ ఓసారి నొక్కి వదలండి. ర్యామ్ ముక్కను అంచులతోనే పట్టుకోండి. బంగారు రంగు గీతలను మెత్తటి ఎరేజర్‌తో నెమ్మదిగా ఒక్కసారి తుడిచి, పొడి గూటిలో పడకుండా దులిపి, క్లిక్కుమనేలా కూర్చోబెట్టండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దొరికితే ఎరేజర్ కంటే అది మేలు. తర్వాత ఒక్క ముక్కతో ఒక పూట, రెండో ముక్కతో ఇంకో పూట. మూత తెరిచే ఉంది కాబట్టి ఇంకొకటి: ఎస్‌ఎస్‌డీకి ఉన్న ఒకే ఒక మర విప్పి దాన్ని బయట పెట్టేసి, పెన్‌డ్రైవ్‌లోని మింట్‌తో నడపండి. అప్పటికీ బిగుసుకుపోతే ఎస్‌ఎస్‌డీ నిర్దోషి, ఈసారి అనుమానం లేకుండా. రెండు ర్యామ్‌లూ రెండు గూళ్లలోనూ ఆగిపోతుంటే, బయాస్, కరెంటు సరఫరా సంగతి మినహాయిస్తే, మదర్‌బోర్డే.

కరెంటు గురించి మీరు భయపడినంత లేదు. వోల్టేజీ ఎక్కువ తక్కువలు లాప్‌టాప్‌ను నేరుగా ఆపవు. చార్జర్ 100 నుంచి 240 వోల్టుల వరకు దేన్నైనా తీసుకుంటుంది, మధ్యలో బ్యాటరీ ఉంటుంది. కానీ బ్యాటరీ చచ్చిపోయి ఉంటే ఆ రక్షణ లేదు. చార్జర్ తీసేసి బ్యాటరీ మీద గంట నడిపి చూడండి, తర్వాత ఇన్వర్టర్ మీద కాకుండా నేరుగా గోడ ప్లగ్గు మీద. ఒకదానిలో ఆగి ఇంకోదానిలో ఆగకపోతే నాకు రాయండి. నకిలీ చార్జర్‌కు వేరే లక్షణం ఉంటుంది: కొన్ని కంపెనీల యంత్రాలు తమది కాని చార్జర్‌ను గుర్తుపట్టి ప్రాసెసర్‌ను కట్టిపడేస్తాయి. టాస్క్ మేనేజర్‌లో వేగం 0.4 గిగాహెర్ట్జ్ దగ్గరే అతుక్కుని ఉంటే అదే. లోహపు ఒంటి మీద చెయ్యి పెడితే జిలజిలమంటూ బాణం తనంతట తానే గెంతుతుంటే ఎర్తింగ్ లేదు, మూడు కాళ్ల ప్లగ్గు వాడండి. ఒక్కటి మాత్రం ఇవాళే చూడండి. యంత్రాన్ని చదునైన బల్ల మీద పెడితే ఊగుతోందా, టచ్‌ప్యాడ్ పైకి ఉబ్బిందా? అలా అయితే బ్యాటరీ ఉబ్బింది. చార్జింగ్ పెట్టకండి, నొక్కకండి, పరీక్షలన్నీ అక్కడే ఆపి వెంటనే దుకాణానికి చెప్పండి.

బయాస్ పాతదైతే కంపెనీ వెబ్‌సైటు నుంచి కొత్తది వేయవచ్చు. అయితే ఈ జబ్బు తేలేదాకా వద్దు. బయాస్ ఎక్కుతుండగా మధ్యలో బిగుసుకుపోతే బోర్డు మొత్తం పోతుంది, ఆ నింద మీ మీదికి వస్తుంది.

ఇక దుకాణం వాళ్లతో మాట. ఫోనులో మాట్లాడకండి, మాట్లాడినా తర్వాత అదే సంగతి వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో రాసి పంపండి. వీడియో, మెమ్‌టెస్ట్ తెర ఫోటో, తేదీలు జత చేయండి. తప్పు ర్యామ్‌లోనో ఎస్‌ఎస్‌డీలోనో అని తేలితే భాగం మార్చి పంపమనండి, దానికి మొత్తం యంత్రం పంపాల్సిన పని లేదు. మదర్‌బోర్డు అయితే "రిపేరు చేసి ఇస్తాం" అనే మాటకు ఒప్పుకోకండి. వేడి చేసి టంకం కరిగించి అతికించిన బోర్డు మూడు నెలలు బాగుంటుంది, మీ వారంటీ మాత్రం అప్పటికి ఉండదు. వేరే యంత్రం ఇవ్వాలి, లేదా డబ్బు తిరిగి ఇవ్వాలి. ఆన్‌లైన్‌లో కొన్నారు కాబట్టి 2020 నాటి ఈ కామర్స్ నిబంధనలు వర్తిస్తాయి: ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. పలకకపోతే 1915కు ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అక్కడా తెగకపోతే హైదరాబాద్ వెళ్లే పని లేదు. 2019 చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లాలోనే, అంటే గడ్చిరోలిలో, వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయవచ్చు. ఇంత చిన్న మొత్తానికి రుసుము కూడా ఉండదు. చాలా వరకు ఆ ఊసు ఎత్తగానే కొత్త ర్యామ్ బస్సెక్కుతుంది.

యంత్రాన్ని వెనక్కి పంపాల్సి వస్తే ఒక్క విషయం మరిచిపోకండి. మీ సెంటర్ లాప్‌టాప్‌లో ఊరి జనం ఆధార్ కాపీలు, సాత్ బారా (భూమి రికార్డు) కాగితాలు, బ్యాంకు పాస్‌బుక్కుల ఫోటోలు ఉంటాయి. అవి మీవి కావు, మీ దగ్గర ఉంచినవి. ఇవాళే అన్నీ బయటి డిస్కు మీదికి తీసుకోండి, కొద్దికొద్దిగా, పొద్దున చల్లగా ఉన్నప్పుడు. పంపే ముందు విండోస్ రీసెట్‌లో అన్నీ తొలగించు అన్నది ఎంచుకుని, డ్రైవ్ శుభ్రం చేసే ఎంపిక కూడా ఆన్ చేయండి. దానికి గంటలు పడుతుంది, మధ్యలో బిగుసుకుపోతే మళ్లీ మొదలుపెట్టండి. బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డులన్నీ మీ ఫోను నుంచి మార్చేయండి.

మూత విప్పే పని మీ వల్ల కాదనుకుంటే చంద్రపూర్ దాకా రావద్దు, అది దూరం. ప్రాణహిత దాటి మంచిర్యాల వెళ్లడం మీకు దగ్గర, అక్కడ పని తెలిసినవాళ్లు ఉన్నారు. ఎవరి దగ్గరికి వెళ్లినా మీ ఎదుటే విప్పమనండి, "వదిలి వెళ్లండి, సాయంత్రం రండి" అంటే యంత్రం చంకలో పెట్టుకుని వచ్చేయండి. ఫ్యాను శుభ్రం చేయించేటప్పుడు బ్లోయర్ కొడితే రెక్కలను టూత్‌పిక్‌తో ఆపి పట్టుకోమనండి, లేకపోతే అది విమానంలా తిరిగి బేరింగ్ పోతుంది. ప్రాసెసర్ మీద ఎండిన సున్నంలా మారిన, వేడిని బయటికి పంపే పాత పేస్టు గీకేసి, పెసరగింజంత కొత్తది వేయిస్తే చాలు.

ముందు మింట్ పరీక్ష చేసి రాయండి. ఎన్ని గంటలకు మొదలుపెట్టారు, ఎన్నింటికి ఆగింది, క్యాప్స్ లాక్ దీపం ఏం చేసింది, ఆ సమయంలో చార్జర్ ఉందా లేదా, ఈ నాలుగూ చెబితే తర్వాతి అడుగు నేను చెబుతాను.